బోణీ అయిందన్న మాట

లోపలికి వైశాలి ఒక్కతే పోయింది. నేను కూడా లేవబోతే డాక్టరమ్మ చెయ్యి చూపించి ఆపింది. "మీరు గీడనే కూసోండ్రి బాబూ. ముందుగాల ఆమెతోని మాట్లాడ్త. గంట పడ్తది," అని తలుపు మూసింది. గంట అంటే ఏమిటో నాకు తెలుసు. గంటలో లారీ నిండుతుంది. గంటలో మబ్బు పట్టి వాన కురిస్తే కల్లంలో ఆరబోసిన కందులన్నీ ఉబ్బిపోతాయి. గంటసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోవడం మాత్రం ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ చేయలేదు. కూర్చున్న బల్ల నాపరాయిది, మా తాండూరు రాయే, పాలిష్ సరిగ్గా పట్టని రకం, అంచు తొడకు గీసుకుంటోంది. మా ఊరివాళ్ళ కళ్ళు తప్పించుకోవడానికి నలభై కిలోమీటర్లు కారు నడుపుకుని వికారాబాద్ వస్తే చివరికి మా ఊరి రాయి మీదే కూర్చోవలసి వచ్చింది. ఎదురుగా గోడ నిండా పసిపిల్లల బొమ్మలు. ఒక్కడూ ఏడవడం లేదు, అందరూ నన్ను చూసే నవ్వుతున్నారు. కింద తెలుగులో రాసి ఉంది, రెబెక్క, స్త్రీల వైద్యురాలు. స్త్రీల వైద్యురాలి వాకిట్లో మగవాడు కూర్చుంటే చూసేవాళ్ళు ఒకటే లెక్క వేస్తారు. ఆ లెక్క తప్పని చెప్పాలంటే అసలు లెక్క బయట పెట్టాలి.

ఇంట్లో చెప్పింది అనంతగిరి గుడికి పోతున్నామని. శ్రావణమాసం, కొత్త జంట, ఎవరికీ అనుమానం రాలేదు. అమ్మ పూలు కట్టి ఇచ్చింది. కారు వెనక సీట్లో కొబ్బరికాయ రెండు చెక్కలుగా ఉంది. కొండ ఎక్కకుండానే దారిలో దుకాణం వాడితో కొట్టించాను. వాడు నన్ను వింతగా చూశాడు, దేవుడి ముందు కొట్టాల్సిన కాయ నీ దుకాణం ముందు ఎందుకన్నట్టు. కుంకుమ పొట్లం, అరటిపండ్లు, అన్నీ ఉన్నాయి. సాక్ష్యం ముందే సిద్ధం చేసుకోవడం మాకు వెన్నతో పెట్టిన విద్య. వైశాలి కాయ వైపు చూసి ఏమీ అనలేదు. ఈమధ్య ఆమె ఏమీ అనకపోవడంలో కూడా రకాలు తెలుస్తున్నాయి నాకు, తడి కంది, ఎండిన కంది, పురుగు తిన్న కంది అని చేతితో పట్టుకుని చెప్పినట్టు. కాయను చూసి అనకపోవడం వేరు, నన్ను చూసి అనకపోవడం వేరు. ఈ రోజు డాక్టరమ్మ దగ్గర కూడా పని కాకపోతే నేను మర్పల్లిలో దిగిపోతా, అని నిన్న ఒక్క మాట అంది. మర్పల్లి ఆమె పుట్టిల్లు. కోపంగా అనలేదు, సరుకు వెనక్కి పంపేవాళ్ళు మాట్లాడినట్టు నిమ్మళంగా అంది. దిగిందంటే మళ్ళీ ఎక్కదు.

సరుకు చెడితే మా నాయన అరవడు. రాధాకిషన్ సేట్ అరిచాడని గింజల బేరం జరిగే తాండూరు గంజ్‌లో ఎవరూ చెప్పలేరు. ఎక్కడ చెడింది, అని ఒక్కటే అడుగుతాడు. లారీలోనా, గోదాములోనా, కల్లంలోనా, పొలంలోనే చెడిందా. వెనక్కి నడుచుకుంటూ పో, దొరుకుతుంది అంటాడు. ఐదు నెలల నుంచి నేను వెనక్కి నడుస్తూనే ఉన్నాను. మెడికల్ షాపు నవీన్ ఇచ్చిన గోలీల దగ్గర ఆగుతాను, ఒకటి వేసుకుంటే గుండె దడదడలాడి తెల్లారేదాకా నడవాలనిపించేది తప్ప మరేమీ కాలేదు. ఇంకా వెనక్కి పోతే రైలు పట్టాల పక్క గోడల మీద రాతలు, రహస్య వ్యాధులు, బలహీనత, గ్యారంటీ. పదో తరగతిలో రోజూ ఆ గోడ చదువుకుంటూ బడికి పోయాను, పాఠం కన్నా అదే బాగా గుర్తుంది. ఇంకా వెనక్కి, ఫోన్లో చూసినవి. అందులో ఎవరికీ నొప్పి పుట్టదు, ఎవరికీ మోచెయ్యి తగలదు, కింది గదిలో నానమ్మ ఉండదు. కానీ ఎటు నుంచి ఎటు నడిచినా చివరికి ఒక్క చోటికే వచ్చి చేరతాను. మర్పల్లిలో ఆ పొద్దుట, ఆరు గంటలకు, మా వదిన వందన ఫోన్.

పెళ్ళి పంట దిగుబడి రోజుల్లో పెట్టుకున్నాం, అది మొదటి పొరపాటు అనుకోవచ్చు. పీటల మీద కూర్చుని కూడా నా చెవి యార్డులో ధర మీదే ఉంది. మూడు రోజులు కన్ను మూయలేదు. ఆ తర్వాత అత్తగారింట్లో మూడు నిద్రలు. మొదటి నిద్రకు పంతులు ముహూర్తం పెట్టాడు, ఒంటి గంట దాటి పన్నెండు నిమిషాలకు. నిద్ర ముంచుకొస్తున్న ఇద్దరు మనుషులు గోడ గడియారం ముందు కూర్చుని పన్నెండు నిమిషాలు ఎప్పుడవుతాయా అని చూశాం. రైలు కోసం చూసినట్టే. ఆమె మీద మల్లెపూలు, చేతుల నిండా గోరింటాకు, ఆ రెండు వాసనలు కలిసి నాకు తల తిరిగింది. బయట ఎవరో దగ్గారు. పన్నెండు నిమిషాలు అయ్యాయి. ఆ తర్వాత జరిగింది చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ఆమె ఒళ్ళు తలుపు గడియ పడ్డట్టు బిగుసుకుపోయింది. నోరు తెరవలేదు కానీ కంటి కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. నేను దెబ్బ తగిలినవాడిలా వెనక్కి జరిగాను. సారీ అంది. పర్లేదు అన్నాను. ఆమె ఎందుకు సారీ చెప్పిందో నేను అడగలేదు, నేను దేన్ని పర్లేదన్నానో ఆమె అడగలేదు. ఎవరి సరుకులో లోపం వాళ్ళు అడుగున దాచి, పైన మంచి గింజలు పరిచి కూర్చున్నాం. లోపం ఆమెదే అని ఆమె, నాదే అని నేను.

పొద్దున ఫోన్. "ఏం మరిదీ, బోణీ అయిందా?" వదిన స్పీకరు పెట్టింది. వెనక నానమ్మ నవ్వు వినబడింది, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళ నవ్వులు. పరాచికమే. వేరే ఇళ్ళల్లో వేరే మాటేదో వాడతారు, వ్యాపారం ఇంట్లో ఈ మాట. కానీ మా ఇంట్లో బోణీ అంటే ఒట్టి మొదటి బేరం కాదు, ఆ రోజు జాతకం. మొదట వచ్చిన మనిషి ఒట్టి చేతులతో మెట్లు దిగాడా, ఆ రోజంతా మన్నే. అందుకే మా తాత బోణీ మనిషిని పోనిచ్చేవాడు కాదు, నష్టానికైనా ఇచ్చి పంపేవాడు. మా నాయన ఇంత చదువుకుని, కంప్యూటర్లో ధరలు చూసుకుంటూ కూడా, బోణీ బేరం తప్పిన రోజు గడప మీద నీళ్ళు చల్లుకుని సాయంత్రం దాకా మొహం ముడుచుకునే ఉంటాడు. ఆ ఇంట్లో పుట్టినవాడిని. బోణీ తప్పితే ఆ దినమంతా తప్పినట్టేనని ఎవరూ నేర్పకుండానే నా ఎముకల్లోకి దిగింది. దినానికి బోణీ తప్పితే మరునాడు ఇంకో దినం ఉంటుంది. పెళ్ళికి బోణీ తప్పితే? అద్దంలో జడ వేసుకుంటున్న వైశాలి చెయ్యి ఆగింది. "అయింది వదినా," అన్నాను. నవ్వులు పెద్దవయ్యాయి. అద్దంలోంచి వైశాలి నన్ను ఒక్కసారి చూసింది, బస్తా మీద చీటీ మార్చడం చూసినా నోరు మెదపని హమాలీలా. ఆ తర్వాత జడ వేసుకుంది. ఆ మాట నేను ఒక్కడినే చెప్పాను, అందులో ఇద్దరం ఇరుక్కున్నాం. అయింది అని చెప్పాక కాలేదని ఎవరి దగ్గరికి పోయి చెప్పాలి? అయినదాన్ని ఎట్లా అయ్యేలా చేయాలని ఎవరిని అడగాలి?

ఆ ఒక్క అబద్ధానికి పిల్లలు పుట్టాయి, మాకు పుట్టకపోయినా. నెల తిరగగానే నానమ్మ కనకమ్మ వైశాలి తిండి చూడడం మొదలుపెట్టింది, పులుపు అడుగుతున్నదా, మామిడికాయ కొరుకుతున్నదా అని. మా గది సరిగ్గా నానమ్మ గది పైన. మర్పల్లి నుంచి వచ్చిన టేకు మంచం కదిలితే కిర్రుమంటుంది. కదలకపోతే అనదు. ఎనభై దాటిన నానమ్మకు ఎదురుగా నిలబడి పిలిస్తే వినబడదు కానీ కప్పు మీది చప్పుడు వినబడుతుంది. "ఏమే, మంచం కొనిచ్చిండ్రా, బండ కొనిచ్చిండ్రా? సప్పుడే లేదు," అని చాయ్ తాగుతూ అందరి ముందూ అంది. వేసవిలో ఒక రోజు వైశాలికి కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో, మంచానికి ఆ కొసన నన్ను కూర్చోబెట్టి ఈ కొసన తను కూర్చుని, "ఊపుండ్రి" అంది. ఇద్దరం చెక్కబల్ల మీద పిల్లల్లా ఊగాం. కిర్రు కిర్రు. మధ్యలో ఆపి, చెవి నేలకు ఆనించి, "నానమ్మ ఇంక నిద్రపోలే, ఇంకో ఐదు నిమిషాలు" అని గంభీరంగా చెప్పింది. నవ్వు ఆపుకోలేక దిండు కరిచింది. నేనూ నవ్వాను, పొట్ట నొప్పి పుట్టేలా. పెళ్ళయ్యాక మేము కలిసి చేసిన మొదటి పని అది. ఆ నవ్వులో ఆమె తల నా భుజం మీదికి వచ్చింది, జుట్టు చెమటతో తడిగా ఉంది, నాకు ఏ గోలీ అక్కర్లేకుండానే ఆమె కావాలనిపించింది. ఇదే సమయం, ఇప్పుడు బోణీ అయిపోవాలి, అనుకున్నాను. అనుకోగానే చేతులు చల్లబడ్డాయి. ఆమె భుజం కింద నా చెయ్యి చల్లబడటం ఆమెకు తెలిసింది, ఆమె ఒళ్ళు బిగుసుకోవడం నాకు తెలిసింది. నవ్వు ఎప్పుడు ఏడుపయిందో తెలియలేదు. మరునాడు నానమ్మ నాకు రెండు లడ్డూలు ఎక్కువ పెట్టింది.

కంది గింజను తొందరపడి మరలో వేస్తే పప్పు కాదు, నూక అవుతుంది. ముందు పైపైన గీరి, నూనె పట్టించి, కుప్ప పోసి ఉంచి, నీళ్ళు చిలకరించి, ఎండకు పెట్టి, మళ్ళీ కుప్ప పోసి, అప్పుడు కదా పొట్టు తనంతట తాను వదులుతుంది. ఇది నాకు పన్నెండేళ్ళకే తెలుసు. తెలిసినవాడినే ఎట్లా ఇట్లా, అని చాలాసార్లు అనుకున్నాను. కానీ ఈ పోలిక ఇంకొక అడుగు ముందుకు వేస్తే తప్పుతుంది. కందికి నొప్పి ఉండదు. కంది మరను చూసి భయపడదు, సారీ చెప్పదు.

"అరె, చిన్న సేట్! గీడ గలిసినవేంది!"

తల ఎత్తేలోపే పక్కన కూర్చున్నాడు బాల్‌రాజ్. పెద్దేముల్ రైతు, ఏటా మాకే కందులు తెస్తాడు. వెంట నిండు గర్భిణి, ఆయన బిడ్డ వర్షిత, ఆయాసపడుతూ ఎదురు కుర్చీలో కూలబడి చున్నీతో విసురుకుంటోంది. ఆమెను ధారూర్ దగ్గర ఇచ్చారట, అందుకే ఈ దవాఖాన. నలభై కిలోమీటర్ల దూరం ఎందుకూ కొరగాలేదు.

"పెద్ద సేట్ మంచిగున్నడా? నువ్వేంది గోడకు మేకు కొట్టినట్టు కూసున్నవ్? కోడలు లోపలున్నదా?"

"ఉన్నది," అన్నాను.

"ఏం, తీపి కబురేనా?"

గంజ్‌లో పెరిగినవాడికి నోరు పెగలకపోతే మొహం తనంతట తానే ఒక పని చేస్తుంది, సన్నగా నవ్వుతుంది. ధర చెప్పినవాడు మన మొహంలోకి చూస్తున్నప్పుడు ఏమీ బయటపడకుండా నవ్వే నవ్వు అది. నవ్వాక గుర్తొచ్చింది, మా దగ్గర అడిగినదానికి కాదనకుండా నవ్వి ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. బాల్‌రాజ్‌కు నాకన్నా బాగా తెలుసు ఆ సంగతి.

"సూడు బిడ్డా, సేట్ ఎట్ల సిగ్గువడ్తుండో! మా కందులల్ల తేమ ఉన్నదని కొర్రీలు వెట్టేటప్పుడు లేని సిగ్గు గిప్పుడొచ్చింది. ఉండు, చాయ్ తెస్త. ఉత్తగ వదుల్తనా నిన్ను?" తొడ మీద ఒక్క చరుపు చరిచి బయటికి పోయాడు. వర్షిత నన్ను చూసి నవ్వింది. "మా నాయినకు నోరాగదు సార్. అక్కకెన్నో నెల?" అంది. "ఏమో, ఇంక తెల్వదు," అన్నాను. అది నిజమో అబద్ధమో నాకే తెలియలేదు.

లేచి బాల్‌రాజ్ వెనక పరుగెత్తి కాదు అని చెప్పాలి. కాదంటే మరెందుకొచ్చినవ్ అంటాడు. కాదనడం అంత తేలికా? మా తాత కాలంలో ధర నోటితో చెప్పేవాళ్ళు కాదు. తువ్వాల కింద ఇద్దరూ చేతులు కలిపి వేళ్ళు పట్టుకుని చెప్పుకునేవాళ్ళు, చుట్టూ వందమంది నిలబడినా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడంతా కంప్యూటర్లే, ఆ విద్య మా నాయనతోనే ఆగిపోయింది, నాకు మాత్రం తాత నేర్పాడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి కారు ఆపి, వైశాలి కొంగు మా చేతుల మీద కప్పి, అది ఆమెకు చూపించాను. మధ్యవేలు నొక్కితే ఇంత, రెండు వేళ్ళు కలిపి పట్టుకుంటే ఇంత. ఆమె ధరల గురించి అడగలేదు. "మరి కాదని ఎట్ల చెప్తరు?" అంది. కాదంటే చెయ్యి తీసేసుకుంటారు, బేరం పోయినట్టే, అన్నాను. "కాదని గాదు, జర ఆగుమని చెప్పాల్నంటే?" అంది. ఆగమంటే చిటికెన వేలు పట్టుకుంటారు, అంటే బేరం పోలేదు, నాకు జర టైం గావాలె, అని. "గది మంచిగున్నది," అంది. నేను మిగతా లెక్కంతా చెప్పాను, వెయ్యి దాకా. ఆమె వినలేదని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఎన్నోసార్లు గదిలో, దీపం ఆర్పాక, ఆమె నా చిటికెన వేలు పట్టుకునేది, గట్టిగా, గోరు దిగేలా. అన్నీ పోయినా ఇది మిగిలింది, నా మీద ఇంత ప్రేమ ఉంది, అనుకునేవాడిని. దానితో ధైర్యం తెచ్చుకుని ఇంకా ముందుకు పోయేవాడిని.

బాల్‌రాజ్ మూడు చాయ్‌లతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఇగ నువ్వు నాకు మిఠాయి బాకీ. పెద్ద సేట్‌కు ఫోన్ జేసి చెప్పిన, అందర్కంటె ముందుగాల నేనే! ఏమన్నడో ఎర్కేనా? ఏమనలే. ఫోనే కింద వడ్డట్టున్నది."

చాయ్ వేడిగా ఉంది, గ్లాసు వదలలేదు, వేళ్ళు కాలుతుంటే తెలుస్తూనే ఉంది. నాయన ఇప్పుడు గల్లా దగ్గర నుంచి లేచి ఉంటాడు. ఇంట్లోకి పోయి అమ్మకు చెప్పి ఉంటాడు, అమ్మ చెప్పకముందే నానమ్మకు తెలిసి ఉంటుంది. సాయంత్రానికి గంజ్ అంతా. రేపు వైశాలి మామిడికాయ కొరకాలి, ఎల్లుండి కడుపులో తిప్పాలి, ఆ పైన? మొదటి అబద్ధం నోటితో చెప్పాను, ఇది నవ్వుతో చెప్పాను. లోపల ఆమె ఒక్కతే కూర్చుని ఐదు నెలల తర్వాత మొదటిసారి నిజం చెబుతుంటే, బయట బల్ల మీద కూర్చుని నేను ఆమెకు కడుపు తెప్పించాను. జేబులో ఫోన్ మోగింది. అమ్మ. కట్ చేశాను. తలుపు తెరుచుకుంది.

డాక్టరమ్మకు యాభై దాటి ఉంటాయి, కళ్ళజోడు ముక్కు కొసన పెట్టుకుని పైనుంచి చూస్తుంది. వైశాలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ మొహం కడుక్కున్నట్టు తేటగా ఉంది. నేను లోపలికి పోయి, కూర్చోకముందే మొదలుపెట్టాను, తప్పు నాదే మేడం, మొదటి దినమే బోణీ తప్పింది, అప్పటి నుంచి...

"బోణీ ఏంది బాబూ? గిది దుకాణమా?"

వైశాలి ఫక్కున నవ్వింది. ఆ మంచం ఊపినప్పటి నవ్వు. ముక్కు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

"ఈమెను చూసిన. ఏ లోపం లేదు," అంది డాక్టరమ్మ. "నొప్పికి భయపడి ఒళ్ళు దానంతటదే బిగుసుకుంటున్నది. కన్ను దగ్గరికి వేలు వోతే రెప్ప మూసుకోదా, గట్ల. కావాల్నని చేస్తలేదు. పెండ్లికి ముందుగాల ఈమెకేం చెప్పి పంపిండ్రో అడిగినవా ఎన్నడన్న?"

అడగలేదు. వైశాలి కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "మా చిన్నమ్మ చెప్పింది మేడం. పండ్లు బిగవట్టుకొని పండుకో, అయిపోతది అని."

పళ్ళు బిగబట్టమంటే ఒళ్ళంతా బిగబట్టింది. చెప్పినమాట విన్న పిల్ల. "ఆమె బిగుసుకుంటే నువ్వు భయపడ్తున్నవు," అంది డాక్టరమ్మ, "నువ్వు భయపడితే ఆమె ఇంక బిగుసుకుంటున్నది. నీకు గూడ పరీక్షలు రాస్తున్న, చేయించుకో. గా గోలీలు చెత్తబుట్టల వడెయ్. ఒక్కటి చెప్పు, ఆగుమన్నప్పుడు ఎందుకాగలేదు? ప్రతిసారి ఆగుమని చెప్పిన అంటున్నది."

"లేదు మేడం. ఒక్కసారి గూడ అనలే. ఒక్క మాట గూడ..."

వైశాలి నా వైపు తిరగలేదు. ఒళ్ళో ఉన్న చెయ్యి కొంచెం పైకెత్తి చిటికెన వేలు చూపించింది.

ఆ గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది, డాక్టరమ్మ ఏదో రాస్తూనే ఉంది. నాకు ఒక్కొక్క రాత్రీ వెనక్కి తిరిగి వచ్చింది, ఆ గోరు దిగిన ప్రతిసారీ. నేనే నేర్పాను. కారులో కూర్చుని, కొంగు కప్పి, గొప్పగా నేర్పాను. నోరు విప్పితే కింద నానమ్మకు వినబడుతుందని ఆమె నా భాషలోనే చెప్పింది, ఐదు నెలలు చెప్పింది, బేరం పోలేదు, జర టైం గావాలె అని. నేను దాన్ని ప్రేమ ఖాతాలో వేసుకున్నాను. చెడింది ఎక్కడో ఇప్పుడు దొరికింది నాయనా. పొలంలో కాదు, కల్లంలో కాదు. తూకం వేసేవాడి చేతిలో.

"రెండు నెలలు ప్రయత్నం బంద్," అంది డాక్టరమ్మ. "అసలే వద్దు. చేతులు వట్టుకోండ్రి, ముచ్చట్లు వెట్టుకోండ్రి, అంతే. ఈమెకు చేసుకునేటివి కొన్ని చెప్పిన. వారానికొకసారి ఇద్దరు కలిసి రావాలె. కలిసి, ఎర్కేనా? బయట కూసునుడు గాదు." బంద్ అన్న మాట వినగానే గుండెల మీద నుంచి బస్తా దించినట్టయింది. సిగ్గు కూడా వేసింది, అంత తేలికపడినందుకు. వారానికొకసారి అంటే ఎనిమిది సార్లు. ఎనిమిది గుళ్ళు కావాలి.

బయటికి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. వర్షిత లోపలికి పోయింది, బాల్‌రాజ్ వాకిట్లో ఎవరికో ఫోన్లో చేతులు ఊపుతూ చెబుతున్నాడు. వైశాలి కూర్చుంది. పక్కన కూర్చుని జరిగింది చెప్పాను, నవ్వు, చాయ్, నాయన చేతిలోంచి జారిన ఫోన్. మర్పల్లి అంటుందని ఎదురుచూశాను. ఆమె ఎదుటి గోడ మీది పసిపిల్లలను చూస్తూ, "మళ్ళ అయిందన్నరా?" అంది.

"అనలే. కాదనలే."

"ఒక్కటే గదా."

ఫోన్ మళ్ళీ మోగింది. అమ్మ. ఆమె కొంగు మా ఇద్దరి మధ్య బల్ల మీద పరుచుకుని ఉంది. దాని కింద ఆమె చిటికెన వేలు పట్టుకున్నాను, ఆగాలా అని. ఆమె వేలు విడిపించుకుంది. చెయ్యి తీసేస్తే బేరం పోయినట్టే. తీసేయలేదు. అరచెయ్యి తిప్పి నా అరచేతిలో పెట్టింది. మా తాత చెప్పిన లెక్కలో దానికి ఏ ధరా లేదు. రెండో చేత్తో ఫోన్ ఎత్తాను.

"ఏం రా, గుడికని చెప్పి దవాఖానకు వోయిండ్రా? బాల్‌రాజ్ చెప్పిండంట మీ నాయినకు. నానమ్మ అప్పుడే మిల్లుల అందరికి శక్కెర వంచుతున్నది. నిజమేనా? అయిందా?"

"కాలేదమ్మా."

"ఏం కాలే?"

"ఏదీ కాలేదు. బోణీ గూడ కాలేదు. గా దినం నేను అబద్ధం చెప్పిన. అందుకే గీ డాక్టరమ్మ తానకు వచ్చినం."

అవతల మిల్లు ఆడుతున్న మోత వినబడింది, పొట్టు ఎగిరిపోయే ఆ చప్పుడు. దాని మీదుగా నానమ్మ గొంతు, గట్టిగా, "ఏమంటుండే? అయిందంటనా?" అమ్మ ఊపిరి ఒకసారి తీసుకుని వదలడం విన్నాను. ముప్పై ఏళ్ళ కింద మా పై గదిలోకే, ఆ చెవి మీదికే అమ్మ కూడా కోడలిగా ఎక్కిందని నాకెప్పుడూ తట్టలేదు. ఆ పొద్దుట స్పీకరులో నవ్విన నవ్వుల్లో అమ్మ నవ్వు ఉందో లేదో ఎంత వెతికినా గుర్తు రాలేదు.

"ఏం లేదత్తమ్మా," అంది అమ్మ, ఫోన్ నోటికి దూరంగా పెట్టి. "బాల్‌రాజ్ ఎవరినో సూసి ఎవరో అనుకున్నడంట. పిల్లలు గుళ్ళెనే ఉన్నరు. లైను మస్తున్నదంట."

తర్వాత గొంతు తగ్గింది, నాకు మాత్రమే వినబడేంత.

"నిమ్మళంగ రండ్రి నాయినా. తొందరేం లేదు."

ఫోన్ ఆగిపోయింది. వైశాలి చెయ్యి తీసుకోలేదు. "ఏమన్నరు అత్తమ్మ?" అంది.

"గుళ్ళె లైను మస్తున్నదంట," అన్నాను.